టి. నెల్సన్ డౌన్స్

థామస్ నెల్సన్ డౌన్స్ (మార్చి 16, 1867 - సెప్టెంబరు 11, 1938) ప్రముఖ అమెరికన్ ఇంద్రజాలికుడు. నాణేలను మాత్రమే సాధనంగా చేసుకొని ఒక పూర్తి రంగస్థల ప్రదర్శనను నిర్మించి, దానితో అమెరికా, ఇంగ్లండు దేశాలలో పేరు గడించాడు. ఇతనిని నాణేల రాజు అని పిలిచేవారు. ఇంగ్లీషులో ఆ బిరుదును కింగ్ ఆఫ్ కాయిన్స్ అని వ్రాసేటప్పుడు, కాయిన్స్ అనే మాటను సి అక్షరానికి బదులు కె అక్షరంతో మొదలుపెట్టేవారు. ప్రకటన పత్రాలలో చూపరుల కంటికి ఆనాలని చేసిన పని అది. గాలిలోనుండి నాణేలను పట్టి టోపీలో వేసే పిసినారి కల అనే అంశం ఇతని పేరుతో విడదీయరానిదైపోయింది. 1900లో వెలువడిన ఇతని పుస్తకము మోడరన్ కాయిన్ మానిప్యులేషన్, నాణేల హస్తలాఘవం నేర్చుకొనేవారికి చాలాకాలం పాఠ్యగ్రంథంగా ఉపయోగపడింది.

నాణేల ఇంద్రజాలంలో రెండు మార్గాలు ఉన్నాయి. మామూలు నాణేన్ని చేతినైపుణ్యంతో మాయం చేయడం, రప్పించడం మొదటిది. లోపల తొలిచి, కోసి, అతికి ప్రత్యేకంగా తయారు చేసిన గిమ్మిక్కు నాణేలతో చేసేది రెండవది. డౌన్స్ ప్రధానంగా మొదటి మార్గానికి చెందినవాడు. అయినా ఇతని చేతిలోని నాణేలు పూర్తిగా మామూలు నాణేలేనా అన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు. ఆ సంగతి క్రింద వివరించబడింది.

బాల్యము, ఉద్యోగము

డౌన్స్ అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో, మార్షల్‌టౌన్ పట్టణానికి సమీప గ్రామసీమలో జన్మించాడు. అది మొక్కజొన్న పండే మైదాన ప్రాంతం. పెద్ద నగరాలు, నాటకశాలలు దూరం. గురువంటూ ఎవరూ లేకుండానే చిన్నతనంలో పేకముక్కలతోను, నాణేలతోను చేతివాటం అలవరచుకున్నాడు. యువకుడై రైల్వేలో తంతి ఉద్యోగిగా చేరాడు.

ఈ ఉద్యోగం గురించి కొంత చెప్పుకోవాలి. ఆ కాలంలో రైళ్ళ రాకపోకలన్నీ తంతి వార్తల మీదనే నడిచేవి. ఒక రైలు వెళ్ళిన తరువాత మరొకటి వచ్చేవరకు చిన్న స్టేషనులోని ఉద్యోగికి చేతినిండా తీరికే. అయినా బల్ల విడిచి వెళ్ళడానికి వీలుండదు. డౌన్స్ ఆ తీరికను నాణేల అభ్యాసానికి వినియోగించుకున్నాడు. తంతి ఉద్యోగి మోర్సు సంకేతాలను కాగితం మీద చూసి చదవడు, యంత్రం చేసే టకటక శబ్దాన్ని విని గ్రహిస్తాడు. ఏ చప్పుడు ఎప్పుడు వచ్చింది, రెండు చప్పుళ్ళ నడుమ ఎంత ఎడమున్నది అన్నదే అతనికి భాష. తరువాతి కాలంలో డౌన్స్‌కు ఖ్యాతి తెచ్చిన అంశం కూడా శబ్దం మీద, దాని సమయం మీద ఆధారపడినదే. ఈ రెంటికీ సంబంధం ఉన్నదని ఋజువు చేయలేము కాని, ఆ సామ్యం గమనింపదగినది.

1895 ప్రాంతంలో ఉద్యోగం మాని, వృత్తి ఇంద్రజాలికుడిగా వాడెవిల్ రంగంలో ప్రవేశించాడు. అప్పటికి ఇతని వయస్సు 28 సంవత్సరాలు. వాడెవిల్ అనగా పాట, నృత్యం, హాస్యం, విన్యాసాలు, జంతువుల ఆటలు వరుసగా వచ్చే వినోద ప్రదర్శన. అందులో ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. పెద్ద పెట్టెలు, అద్దాలు, పంజరాలు, సహాయకులు ఉన్న ఇంద్రజాలికుడికి ఆ కొద్ది సమయం చాలదు. ఒక మనిషి, ఒక టోపీ, కొన్ని నాణేలు ఉంటే మాత్రం సరిగ్గా సరిపోతుంది.

డౌన్స్‌కు ముందు

గాలిలోనుండి డబ్బు రాల్చే విద్యను డౌన్స్ కనిపెట్టాడని కొందరు వ్రాస్తారు. ఇది సరికాదు. ఆధునిక ఇంద్రజాల పితామహుడని పేరుపొందిన ఫ్రెంచివాడు రాబర్ట్ హూడిన్ (1805-1871) కాలానికే ఈ అంశం ఉన్నది. ప్రొఫెసర్ హాఫ్‌మన్ అనే కలంపేరుతో ఏంజెలో లూయిస్ అనే ఇంగ్లీషు న్యాయవాది వ్రాసిన మోడరన్ మాజిక్ (1876) గ్రంథంలో ధనవర్షం అనే అర్థం వచ్చే శీర్షికతో దీని వివరణ ఉన్నది. డౌన్స్ అప్పటికి తొమ్మిదేళ్ళ బాలుడు.

ఇక మన దేశంలో గారడీవారికి నాణెం, గోళీ, గిన్నె, గుడ్డ అనాదిగా పరికరాలే. తెలుగునాట విప్రవినోదులనే బ్రాహ్మణ ఇంద్రజాలికుల ప్రస్తావన విజయనగర కాలపు శాసనాలలోనే కనిపిస్తుంది. కనుక వట్టిచేతిలో వస్తువు పుట్టించడం ఒక దేశానికో, ఒక వ్యక్తికో చెందిన సొత్తు కాదు.

మరి డౌన్స్ చేసినదేమిటి? అంతకుముందు ఈ అంశం ప్రదర్శనలో ఒక చిన్న భాగంగా, పెద్ద అంశాలకు నాందిగా ఉండేది. డౌన్స్ దానినే ప్రదర్శన మొత్తంగా మార్చాడు. అలా మార్చాలంటే ఒకే పనిని ఎన్నోసార్లు చేసినా ప్రేక్షకుడికి విసుగు కలగకూడదు, అనుమానమూ రాకూడదు. ఇతని కృషి అంతా అక్కడే ఉన్నది.

పిసినారి కల

ప్రేక్షకుడికి కనిపించేది ఇది. ఇంద్రజాలికుడు ఒక పొడవాటి పట్టు టోపీ తీసుకొని ఖాళీగా ఉన్నదని చూపుతాడు. కుడిచేతిని ముందు వెనుకలు చూపి గాలిలోకి చాచగానే మునివేళ్ళ మధ్య ఒక వెండి నాణెం మెరుస్తుంది. దానిని టోపీలో వేస్తే ఖంగుమని మోగుతుంది. మళ్ళీ చేయి ఖాళీ. మళ్ళీ మరొక నాణెం. తన మోకాలి నుండి, ప్రేక్షకుని గడ్డం నుండి, ముక్కు నుండి, దీపం వెలుగు నుండి నాణేలు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కసారి నాణెం టోపీ అడుగునుండి లోపలికి దూసుకుపోయినట్లు ఉంటుంది. చివరకు టోపీని వంచి పళ్ళెంలో పోస్తే కుప్పగా నాణేలు రాలుతాయి.

ఇందులోని రహస్యము ఎప్పుడో పుస్తకాలకెక్కినదే కనుక ఇక్కడ చెప్పడంలో తప్పులేదు. టోపీ పట్టుకున్న ఎడమచేతి వ్రేళ్ళు టోపీ లోపల, బొటనవ్రేలు వెలుపల ఉంటాయి. లోపలి వ్రేళ్ళ క్రింద నాణేల దొంతర ముందే దాగి ఉంటుంది. కుడిచేతిలో ఉండేది ఒకే ఒక్క నాణెం. దానిని గాలిలో చూపి టోపీలో విసరినట్లు నటిస్తాడు, కాని వదలడు, చేతిలోనే దాచుకుంటాడు. సరిగ్గా ఆ క్షణానికే ఎడమచేతి దొంతరనుండి ఒక నాణెం జారి టోపీలో పడుతుంది. కన్ను విసరడాన్ని చూసింది, చెవి పడడాన్ని విన్నది, మనసు ఆ రెంటినీ కలిపి నాణెం టోపీలో పడిందని నిశ్చయించుకున్నది. ప్రేక్షకుడు ముప్ఫై నాణేలు పుట్టడం చూశాననుకుంటాడు. నిజానికి ఒకే నాణేన్ని ముప్ఫైసార్లు చూశాడు.

చెప్పడానికి ఇది ఎంతో సులభం. చేయడంలోని కష్టం రెండు చోట్ల ఉన్నది. మొదటిది ఎడమచేయి. కదలకుండా నిలిచి, చూపరుల దృష్టి తనమీద పడకుండా, ఒక్కొక్క నాణేన్ని మాత్రమే లెక్కగా జారవిడవాలి. రెండు ఒకేసారి జారితే రెండు చప్పుళ్ళు వినబడి గుట్టు బయటపడుతుంది. కొంచెం ముందు జారినా, కొంచెం ఆలస్యమైనా అంతే. రెండవది కుడిచేయి. నాణేన్ని అరచేతిలో దాచితే అరచేయి చూపడం కుదరదు. అందువలన నాణేన్ని చేతి వెనుకవైపుకు త్రిప్పి, చూపుడువ్రేలు, చిటికెనవ్రేళ్ళ ప్రక్కలతో దాని అంచులను నొక్కి పట్టుకుంటారు. ఎదుటివారికి ఖాళీ అరచేయి కనిపిస్తుంది. చేతిని త్రిప్పి వెనుకవైపు చూపవలసినప్పుడు నడిమి రెండు వ్రేళ్ళు వంచి నాణేన్ని మళ్ళీ ముందుకు తెస్తారు. ఈ రెండు కదలికలూ చేయి త్రిప్పే ఊపులోనే కలిసిపోవాలి. డౌన్స్ ఈ ముందు వెనుకల విన్యాసాన్ని ఎడతెగకుండా, ఒకటి కంటే ఎక్కువ నాణేలతో కూడా చేసేవాడు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిసే మూలలో నాణేన్ని అంచుతో ఇరికించి దాచే పద్ధతికి ఇప్పటికీ డౌన్స్ పామ్ అనే పేరు వాడుకలో ఉన్నది. పామ్ అనగా ఇంద్రజాలికుల భాషలో చేతిలో దాచుట.

నాణేల సంగతి

డౌన్స్ కాలపు అమెరికన్ అర్ధ డాలరు బరువు 12.5 గ్రాములు, వ్యాసం 30.6 మిల్లీమీటర్లు. అంచు చుట్టూ సన్నని గాట్లు ఉంటాయి. చేతిలో దాచడానికి ఈ గాట్లే ఆధారం. నునుపైన అంచు గల నాణెం చెమట పట్టిన వ్రేళ్ళ మధ్య నిలవదు. కాని ఇక్కడ ఒక లెక్క ఉన్నది. నలభై అర్ధ డాలర్లు తీసుకుంటే వాటి బరువు అర కిలో. ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్లకు పైగా మందం కనుక దొంతర ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు దాటుతుంది. అంత దొంతర ఒక చేతి వ్రేళ్ళ క్రింద ఇమడదు.

అందుకే ఇంద్రజాలికుల కోసం పామింగ్ నాణేలనేవి ప్రత్యేకంగా తయారయ్యాయి. ఇవి అసలు నాణెమంత వెడల్పు ఉంటాయి కాని పలుచగా, తేలికగా ఉంటాయి. అంచు గాట్లు మాత్రం స్పష్టంగా తీర్చి ఉంటాయి. డౌన్స్ పేరుతో ముద్రించిన ఇటువంటి బిళ్ళలు కూడా వచ్చాయి. పాత వస్తువుల సేకర్తలు నేటికీ వాటిని వెదికి కొంటున్నారు. వీటిని గిమ్మిక్కు నాణేలనవచ్చునా? వాటిలో బోలు లేదు, మడత లేదు, రెండు ముఖాలూ ఒకటే అన్న మోసమూ లేదు. చేతకానివాడి చేతికిస్తే ఆ బిళ్ళలు ఏ వింతా చేయవు. అయినా అవి చెలామణీలోని డబ్బు కాదు, ఆ పనికోసమే పోతపోసినవి. వాటిని వీణకు కట్టే తీగవంటి పనిముట్టుగా భావించడమే ఉచితము.

అసలైన గిమ్మిక్కు నాణేల చరిత్ర వేరే ఉన్నది. అవి డౌన్స్ కంటె ముందువే. పెంకు నాణెం అన్నది ఒక నాణేన్ని లోపల తొలిచి, ఒక ముఖము, అంచు మాత్రమే మిగిల్చినది. అది మరొక నాణెం మీద మూతవలె సరిగ్గా కూర్చుంటుంది. అప్పుడు రెండూ ఒక్కటిగా కనిపిస్తాయి, విడదీస్తే ఒకటి రెండవుతుంది. మడత నాణేన్ని నిలువునా ముక్కలుగా కోసి, అంచు చుట్టూ తీసిన గాడిలో రబ్బరు త్రాడు బిగిస్తారు. దానిని మడిచి సన్నని సీసా మెడలోనుండి లోపలికి దించితే, లోపల విచ్చుకొని మామూలు నాణెంలా మోగుతుంది. ఒకవైపు రాగి, మరొకవైపు వెండి ఉన్నవి, రెండు వైపులా బొమ్మే ఉండి బొరుసు లేనివి కూడా ఉన్నాయి. హాలండుకు చెందిన ఓకిటో, అనగా థియో బాంబెర్గ్ (1875-1963), పేరు మీద ప్రసిద్ధమైన చిన్న లోహపు డబ్బీ ఈ కోవకు చెందిన మరొక సాధనం. ఇవన్నీ దగ్గర కూర్చున్న నలుగురైదుగురికి బల్లమీద చూపే విద్యకు ఎక్కువగా పనికివస్తాయి. వెయ్యిమంది కూర్చున్న నాటకశాలలో పెంకు నాణెం అందం ఎవరికీ కనబడదు.

ఇటువంటి నాణెం చేయడం సన్నని లోహపు పని. బందరు పక్కనున్న చిలకలపూడిలో రాగి మీద పలుచని బంగారు రేకు తాపి నగలు చేసే రోల్డుగోల్డు పనివారిని చూసినవారికి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఒక లోహపు పొరను మరొకదానిపై కూర్చడం ఎంత కష్టమో తెలుస్తుంది. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2011 నాటి నాణేల చట్టం ప్రభుత్వ నాణేలను కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని నిషేధిస్తున్నది. కనుక ఇంట్లో ఆకురాయి పట్టి రూపాయి బిళ్ళను అరగదీయడం ఆట కాదు, నేరం.

లండన్ విజయము

1899లో డౌన్స్ లండన్ నగరంలోని ప్యాలెస్ థియేటరులో ప్రదర్శన ఇచ్చాడు. అక్కడి ప్రేక్షకులకు కొత్తగా తోచడంతో ఇతని ఒప్పందం నెలల తరబడి కొనసాగింది. ఇతని వృత్తి జీవితంలో ఇది శిఖర స్థానం. ఇతని వెనుకనే మరికొందరు అమెరికన్లు సముద్రం దాటారు. 1900లో సంకెళ్ళ వీరుడు హ్యారీ హుడీనీ అల్హాంబ్రాలో, పేకముక్కల నిపుణుడు హోవర్డ్ థర్‌స్టన్ ప్యాలెస్ థియేటరులో పేరు తెచ్చుకున్నారు. అంతకుముందు హుడీనీ తనను తాను పేకముక్కల రాజుగా ప్రకటించుకొన్న రోజులున్నాయి. సంకెళ్ళవైపు మళ్ళిన తరువాతనే అతని దశ తిరిగింది. ఒక్క వస్తువును పట్టుకొని దానిలోనే అందరినీ మించడం ఆనాటి వాడెవిల్ కళాకారులకు బ్రతుకుతెరువు సూత్రం. డౌన్స్‌కు నాణెం, థర్‌స్టన్‌కు పేకముక్క, హుడీనీకి సంకెళ్ళు.

ఇతనికి పోటీదారులు త్వరలోనే వచ్చారు. వారిలో చెప్పుకోదగినది ఇంగ్లీషు వనిత మెర్సిడెస్ టాల్మా. బెల్జియం ఇంద్రజాలికుడు సెర్వైస్ లె రాయ్ భార్య అయిన ఈమెను నాణేల రాణి అనేవారు. నాణేలు దాచడానికి పెద్ద అరచేయి ఉండాలన్నది అప్పటి సాధారణ అభిప్రాయం. చిన్న చేతులతోనే ఆ విద్యను రంగస్థలంపై చేసి చూపి ఈమె దానిని తప్పని నిరూపించింది.

పుస్తకాలు

పేరు ప్రతిష్ఠలు ఉచ్చస్థితిలో ఉండగానే, 1900లో, డౌన్స్ పేరుతో మోడరన్ కాయిన్ మానిప్యులేషన్ అనే పుస్తకం లండన్‌లో వెలువడింది. దీని రచనలో విలియం జె. హిల్లియర్ పాత్ర ప్రధానమైనది. ఇతడు ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడి, 1902లో ది స్ఫింక్స్ అనే ఇంద్రజాల పత్రికను ప్రారంభించాడు. తరువాత 1909లో వచ్చిన ది ఆర్ట్ ఆఫ్ మాజిక్ కూడా డౌన్స్ పేరుతోనే ఉన్నా, దానిని తీర్చిదిద్దినవాడు జాన్ నార్తర్న్ హిల్లియార్డ్. ఇంటిపేర్లు దగ్గరగా ఉండుటచే ఈ ఇద్దరినీ ఒకరిగా పొరబడడం కద్దు. రెండవ గ్రంథంలో నాణేల కంటె పేకముక్కల విద్యలే ఎక్కువ.

చేతితో చేసినవాడు ఒకరు, కలంతో వ్రాసినవాడు ఒకరు అయినందున డౌన్స్‌కు గ్రంథకర్త గౌరవం ఎంతవరకు చెందుతుందన్న చర్చ ఉన్నది. విద్య ఇతనిది, వాక్యాలు వారివి అని చెప్పడమే న్యాయముగా తోస్తుంది. వేలి కదలికను మాటలలో పెట్టడం మరొక విద్య. సంగీతం నేర్పినవారికి, బొమ్మలు గీయడం నేర్పినవారికి ఆ కష్టం తెలుసు. నాణెం ఏ వ్రేలి ఏ కణుపు మీద ఉండాలి, బొటనవ్రేలు ఎప్పుడు వదలాలి అన్నది చదువరికి చేతిలో నాణెం పట్టుకొని అనుసరించగలిగేలా చెప్పడం సామాన్యం కాదు.

అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటున్నది. తన పొట్టకూటి విద్యను తానే ఎందుకు బయటపెట్టాడు? మన దేశంలో గారడీ విద్య తండ్రి నుండి కొడుక్కు, గురువునుండి శిష్యునికి మాత్రమే చేరేది. బయటివానికి చెప్పడం కులద్రోహంగా భావించేవారు. పడమటి దేశాలలో హాఫ్‌మన్ గ్రంథం నాటినుండే ఆ గోడ కూలడం మొదలైంది. డౌన్స్ చెప్పకపోయినా మరొకరు వ్రాసేవారే. తన పేరుతో వస్తే ఆ విద్య తనదన్న గుర్తింపైనా మిగులుతుంది. దీనికి ఇతడు చెల్లించిన మూల్యం కూడా తక్కువ కాదు. పుస్తకం చదివి అద్దం ముందు సాధన చేసినవారు అనేకులు తయారయ్యారు. కొన్నేళ్ళలోనే నాణేల ప్రదర్శనలు చిన్న పట్టణాల నాటకశాలలకు సైతం పాతబడిపోయాయి. అయితే ఆ అంశం ఈనాటికీ డౌన్స్ పేరుతో బ్రతికి ఉండడానికి కారణం కూడా ఆ పుస్తకమే. పుస్తకం వ్రాయని ఆనాటి పోటీదారులలో చాలామంది పేర్లు ఇప్పుడు పరిశోధకులకు తప్ప తెలియవు.

విరమణ, చివరి దినాలు

డౌన్స్ 1912లో రంగస్థలం నుండి విరమించి మార్షల్‌టౌన్ చేరుకున్నాడు. అప్పటికి ఇతని వయస్సు 45 మాత్రమే. ఇంద్రజాలికులకు అది నడిమి వయస్సు కూడా కాదు.

కాలం మారుతున్నదని ఇతనికి తెలిసే ఉండాలి. వాడెవిల్ శాలలలో మొదట చివరి అంశంగా చేరిన చలనచిత్రం క్రమంగా ప్రదర్శన మొత్తాన్ని ఆక్రమించుకుంటున్నది. ఈ మార్పు ఒక్క అమెరికాకు పరిమితం కాదు. మన మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోను అనే యంత్రంతో మద్రాసులో చిత్రాలు ప్రదర్శించి, ఆ తరువాత అక్కడ గెయిటీ థియేటరును నిర్మించాడు. ఫ్రాన్సులో జార్జి మెలియెస్ అనే ఇంద్రజాలికుడు 1888లో రాబర్ట్ హూడిన్ నాటకశాలను కొని, 1896లో చిత్రాలు తీయడం మొదలుపెట్టి, ఇంద్రజాలాన్ని తెరమీదికే తీసుకువెళ్ళాడు. తెరమీద మనుషులే మాయమవుతుంటే చేతిలోని నాణెం మాయమవడం చిన్నదిగా కనిపించక తప్పదు. మెలియెస్, డౌన్స్ ఇద్దరూ 1938లోనే మరణించారు.

ఊరు చేరిన తరువాత డౌన్స్ విద్యను విడిచిపెట్టలేదు. తోటి ఇంద్రజాలికులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవాడు. వారిలో ఇతడు టామీగా పరిచితుడు. నాటకశాల వెలుగులు పోయినా, ఎదురుగా కూర్చున్న ఒకరిద్దరికి చూపే సమీప ఇంద్రజాలం మిగిలింది. నాణేల విద్య తరువాత అటువైపే మళ్ళింది. 1938 సెప్టెంబరు 11న, 71వ ఏట డౌన్స్ మరణించాడు. ది ఆర్ట్ ఆఫ్ మాజిక్ గ్రంథాన్ని తీర్చిదిద్దిన హిల్లియార్డ్ అంతకు మూడేళ్ళ ముందే గతించాడు. అతని బృహద్గ్రంథం గ్రేటర్ మాజిక్ కూడా 1938లోనే అచ్చయింది.

తరువాతి కాలం

1952లో జె. బి. బోబో వ్రాసిన మోడరన్ కాయిన్ మాజిక్ వెలువడి డౌన్స్ పుస్తకం స్థానాన్ని ఆక్రమించింది. దీనిలో చేతినైపుణ్యంతో పాటు గిమ్మిక్కు నాణేలకు కూడా చోటు దక్కింది. పిసినారి కలకు ఒక ప్రత్యేక ప్రకరణం ఉన్నది. న్యూయార్కుకు చెందిన ఆల్ ఫ్లాసో (1895-1976) ఈ అంశాన్ని హాస్యంగా మార్చాడు. ప్రేక్షకులలోని ఒక పిల్లవాడిని రంగస్థలం మీదికి పిలిచి, వాడి చెవులనుండి, ముక్కునుండి నాణేలు రాలుస్తూ నవ్వించేవాడు. ఒక్క మాటైనా పలకకుండా ప్రదర్శించే టెల్లర్, నీళ్ళతొట్టిలో వేసిన నాణేలు చివరకు బంగారు చేపలుగా మారేటట్లు దీనిని మలచాడు. బల్లమీది నాణేల విద్యను డేవిడ్ రాత్ (1952-2021) ఎంతో ముందుకు తీసుకువెళ్ళాడు. అతని పద్ధతులతో రిచర్డ్ కాఫ్‌మన్ వ్రాసిన ఎక్స్‌పర్ట్ కాయిన్ మాజిక్ 1985లో వచ్చింది.

కృష్ణా తీరపు గారడీతో పోలిక

డౌన్స్ పద్ధతిని మన తిరునాళ్ళ గారడీతో పోల్చి చూస్తే ఒక ముఖ్యమైన భేదం తెలుస్తుంది. డౌన్స్ ప్రేక్షకులందరూ ఎదుటనే ఉండేవారు. చేతి వెనుక నాణెం దాచడం అందువల్లనే సాధ్యమైంది. చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాలలోనో, మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమం దగ్గరనో, గుడివాడ సంతలోనో నేలమీద గుడ్డ పరచి కూర్చొనే గారడీవానికి నాలుగు దిక్కులా జనమే. వెనుక నిలబడిన కుర్రవాడికి చేతి వెనుకనున్న నాణెం ఇట్టే కనబడుతుంది. అందుకే వారు గిన్నెలను, గుడ్డను, సంచిని, తమ మాటల ధాటిని ఆశ్రయించారు. ఈ భేదాన్ని తెలియక కొందరు పాశ్చాత్య పద్ధతి గొప్పదనీ, మనది మోటుదనీ అంటారు. నాటకశాలలో నేర్చినది తిరునాళ్ళలో చెల్లదు, తిరునాళ్ళలో నేర్చినది నాటకశాలలో వెనుక వరుసకు కనబడదు.

వట్టిచేతిలోనుండి వస్తువులు రప్పించడాన్ని మహిమగా చెప్పుకొనేవారు ఎల్లకాలాలలో ఉన్నారు. డౌన్స్ అటువంటి మాట ఎన్నడూ చెప్పుకోక, తనది అభ్యాసమేనని పుస్తకంగా అచ్చువేయించాడు. 1930లలో బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పిన గోరా, ఆయన సహచరులు మహిమలుగా చెలామణీ అయ్యే పనుల వెనుకనున్న కిటుకులను ప్రజలకు చేసి చూపేవారు. ఇంద్రజాలికుని వృత్తికీ, వారి ఉద్యమానికీ లక్ష్యాలు వేరైనా, చేతిపనిని చేతిపనిగా చెప్పడంలో పోలిక ఉన్నది.

అభ్యాసం చేయదలచినవారికి ఉపయోగపడే వివరం ఒకటి. బ్రిటిషు కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. డౌన్స్ వాడిన అర్ధ డాలరుకు ఇది దాదాపు సమానం, అంచున గాట్లు కూడా ఉంటాయి. అనగా అతని పుస్తకంలోని విన్యాసాలను తాతలనాటి రూపాయి బిళ్ళతో యథాతథంగా సాధన చేయవచ్చును. 2011లో వచ్చిన రూపాయి నాణెం 22 మిల్లీమీటర్లకు మించదు, పెద్దవారి వ్రేళ్ళ మధ్య నిలవడం కష్టం. పది, ఇరవై రూపాయల బిళ్ళలు 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి కొంత నయం. అయితే ఇరవై రూపాయల బిళ్ళ పన్నెండు భుజాలతో, అంచున గాట్లు లేకుండా ఉంటుంది. అది చేతి వెనుకకు తిరిగేటప్పుడు జారిపోతుంది. పదిరూపాయల బిళ్ళతో మొదలుపెట్టడం మేలు.